పేర్లు మార్చే ముందు సెట్టింగుల సంగతి

ప్రియమైన రవీ,

నీ ఉత్తరం చదివాను. ఫోన్లో తీసినవి, కెమెరాలో తీసినవి, వాట్సాప్‌లో ఎవరెవరో పంపినవి అన్నీ ఒకే ఫోల్డర్లో పోసేశావు. ఇప్పుడు వాటి పేర్లన్నీ ఒక్క దెబ్బకు మార్చాలని బల్క్ రీనేమ్ యుటిలిటీ దించుకున్నావు. తెరవగానే స్క్రీన్ నిండా గళ్లు చూసి టెన్షన్ వచ్చిందన్నావు. కంగారు పడకురా. వాటిలో నీకు కావలసినవి నాలుగైదే. ఖాళీగా వదిలేసిన గడి నీ ఫైళ్ల జోలికి రాదు.

ముందు ఒకటి గమనించు. ప్రతి గడి పేరు పక్కన ఒక నంబర్ ఉంటుంది. మార్పులు ఆ నంబర్ల వరుసలోనే జరుగుతాయి. పాత పేరులోంచి అక్షరాలు తీసేసే పని ముందు, కొత్తవి చేర్చే పని తర్వాత. ఈ వరుస చాలా ముఖ్యం. అడ్వాన్స్‌డ్ రీనేమర్ లాంటి ఇతర ప్రోగ్రాముల్లో వరుస మనమే పేర్చుకోవాలి. అక్కడ ముందు తేదీ చేర్చి, ఆ తర్వాత ‘మొదటి నాలుగు అక్షరాలు తీసెయ్’ అన్నావనుకో, 2024-01-15 లో 2024 కాస్తా ఎగిరిపోతుంది. అది చెప్పింది చెప్పినట్టే చేసింది మరి!

ఇక నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇది. పోయినసారి పెట్టిన సెట్టింగులతో కొత్త పని మొదలుపెట్టకు. పేర్లు మార్చే ప్రోగ్రాములతో వచ్చే తంటాల్లో చాలావరకు అక్కడే పుడతాయి. నువ్వు నంబర్లు వేద్దామని కూర్చుంటావు, ఎప్పుడో ఏదో పదం తీసేయమని పెట్టినది ఇంకో మూల అలాగే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్ అనే విండోస్ పనిముట్ల కట్టలో పేర్లు మార్చేది పవర్‌రీనేమ్. దాంట్లో చివరిసారి వాడిన విలువలను మళ్లీ చూపించే ఆప్షన్ ఒకటి ఉంది, దాన్ని ఆపేసుకో. నీ ప్రోగ్రాములో అయితే రీసెట్ బటన్ ఉంది, ప్రతిసారీ ముందు అది నొక్కు. మళ్లీ మళ్లీ చేసే పనుల సెట్టింగులను ఫేవరెట్లుగా సేవ్ చేసుకో. వాటికి ‘కొత్తది’, ‘ఫైనల్’ లాంటి పేర్లు పెట్టకు. ‘కెమెరా ఫోటోలు - తీసిన తేదీ ముందు’ అని పూర్తిగా రాసుకుంటే ఆరు నెలల తర్వాత కూడా చూడగానే అర్థమవుతుంది.

ఎక్స్‌టెన్షన్‌ని, అంటే పేరు చివర చుక్క తర్వాత వచ్చే .jpg లాంటి ముక్కని మాత్రం కదిలించకు. పవర్‌రీనేమ్‌లో మార్పు పేరుకు మాత్రమే వర్తించాలని ఎంచుకోవచ్చు. నీ దాంట్లో ఎక్స్‌టెన్షన్‌కు వేరే గడే ఉంది. అన్నిటినీ చిన్నక్షరాల్లోకి తేవడం తప్ప అక్కడ నీకు వేరే పని లేదు.

తేదీ దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి. ఒక ఫోటో ఫైలుకు చాలా తేదీలుంటాయి. ఫైలు పుట్టిన తేదీ, చివరగా మార్చిన తేదీ, కెమెరా ఫోటో లోపల రాసిపెట్టిన తేదీ. కాపీ చేస్తే మొదటిది మారిపోతుంది, ఎడిట్ చేస్తే రెండోది మారిపోతుంది. నీకు కావలసింది మూడోది. కెమెరా ఫోటో లోపల రాసిపెట్టే ఆ సమాచారాన్ని ఎగ్జిఫ్ అంటారు, అందులో ఉండే ‘తీసిన తేదీ’ అన్నమాట. అయితే వాట్సాప్ మామూలుగా పంపే ఫోటోల్లో ఎగ్జిఫ్ సమాచారం ఉండదు. పేరులో కనిపించే తేదీ కూడా ఫోటో తీసిన రోజుది కాదు. అందుకని వాటిని ముందే ఇంకో ఫోల్డర్లోకి తీసెయ్, వాటి సెట్టింగులు వేరు. తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలోనే పెట్టు. తేదీలు రాయడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 చెప్పేది కూడా ఇదే. అక్షరక్రమంలో పేర్చినా కాలక్రమం చెడదు. సమయం కూడా చేర్చాలనుకుంటే మధ్యలో కోలన్ పెట్టకు, విండోస్ ఫైలు పేరులో దాన్ని ఒప్పుకోదు.

నంబర్లు వేసేటప్పుడు ముందు సున్నాలు చేర్చే ఆప్షన్ ఉంటుంది, నాలుగు అంకెలు పెట్టుకో. లేకపోతే కొన్ని చోట్ల 10 వచ్చాకే 2 వస్తుంది. కెమెరా ఇచ్చిన నంబర్లనే నమ్ముకోవడం నాకు నచ్చదు. అవి 9999 దాటగానే మళ్లీ 0001 నుంచి మొదలవుతాయి, ఒకే పేరుతో రెండు ఫోటోలు తయారవుతాయి. ఒకే ఫోటోను ‘రా’ (కెమెరా కుదించకుండా దాచే ముడి ఫైలు), జేపీజీ (మామూలు ఫోటో ఫైలు) రెండు రకాలుగా తీసి ఉంటే ఇంకా జాగ్రత్త. వరుసగా నంబర్లు వేస్తే ఆ జంట విడిపోతుంది. వాటికి నంబర్ల బదులు తీసిన తేదీ, సమయం వాడు. రెండిటిలోనూ ఒకటే ఉంటుంది కాబట్టి జంట చెదరదు.

ఇప్పుడు నువ్వు అడగని సంగతి. నీ ఫోల్డర్లో తెలుగు పేర్ల ఫైళ్లు కూడా ఉన్నాయి కదా. ఈ ప్రోగ్రాములు అక్షరాలను మనలా లెక్కపెట్టవు. మనకు ‘శ్రీ’ ఒక్క అక్షరం. కంప్యూటరుకు అది శ, పొల్లు, ర, దీర్ఘం కలిసి నాలుగు. ‘మొదటి ఒక్క అక్షరం తీసెయ్’ అంటే శ ఒక్కటే పోయి, పొల్లుతో మొదలయ్యే వింత పేరు మిగులుతుంది. అందుకే తెలుగు పేర్లకు ‘ఇన్ని అక్షరాలు తీసెయ్’ అనే గడి వద్దే వద్దు, పదానికి పదం మార్చే గడి వాడు. అక్కడ కూడా ఒక చిక్కుంది. ‘ఫోన్’ లాంటి పొల్లుతో ముగిసే మాటల చివర కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని ఒక గుర్తు చేరుస్తాయి. నువ్వు టైప్ చేసిన ‘ఫోన్’, ఫైల్లో ఉన్న ‘ఫోన్’ చూడ్డానికి ఒకటే, అయినా ప్రోగ్రాముకు దొరకదు. అలాంటప్పుడు టైప్ చేయకుండా, ఫైలు పేరులోంచే ఆ ముక్క కాపీ చేసి గడిలో అతికించు.

పేర్లు మరీ పొడుగ్గా కూడా పెట్టకు. విండోస్ కాకుండా లైనక్స్ అనే వ్యవస్థ వాడే డిస్కుల్లో ఫైలు పేరుకు సాధారణంగా 255 బైట్లే (కంప్యూటరు చోటును కొలిచే లెక్క) హద్దు. అక్కడ ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, అంటే మన ‘శ్రీ’ ఒక్కటే 12 తినేస్తుంది. విండోస్ లెక్క వేరు కాబట్టి అక్కడ పట్టిన పేరు, బ్యాకప్ తీసేటప్పుడు అటు పట్టకపోవచ్చు.

అన్నీ సరిచూసుకున్నాక కూడా నేరుగా అసలు ఫోల్డర్ మీద నడపకు. మొండి ఫైళ్లను ఏరి ఇంకో చోట కాపీ పెట్టుకో. తెలుగు పేరున్నది, తేదీ లేనిది, పేరులో రెండు ఖాళీలున్నది, ‘రా’-జేపీజీ జంట ఒకటి. కొత్త పేర్ల వరుసను పైనుంచి కిందదాకా చదువు, చివరి పేర్లు తప్పకుండా చూడు. వెనక్కి తెచ్చే అన్‌డూ ఉంది గానీ, పేర్లు మార్చాక ఫైళ్లను వేరే చోటికి జరిపేస్తే అది చేతులెత్తేస్తుంది. సరిచూసేదాకా వాటిని అక్కడే ఉండనీ.

ముందు ఆ వాట్సాప్ ఫోటోలు విడదియ్యి. కెమెరావాటికి సెట్టింగులు పెట్టాక, రీనేమ్ నొక్కకముందే స్క్రీన్‌షాట్ తీసి పంపు, ఒక్కో గడీ చూసి చెబుతాను.

ఉంటాను మరి,
నీ మురళి