అక్షరం రాని పెద్దలకు ఇంగ్లీషు చెప్పేవాళ్లకు ముందు శిక్షణ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో మన తెలుగువాళ్లు గుళ్లలో, కమ్యూనిటీ హాళ్లలో పెద్దవాళ్ల కోసం ఇంగ్లీషు క్లాసులు పెడుతున్నారు. చాలా మంచి పని. కానీ నేను చూసిన చోట్ల చెప్పేవాళ్లకు ఒక్క పూట శిక్షణ కూడా లేదు. ఇంగ్లీషు వస్తే చాలు, చెప్పేయొచ్చు అనుకుంటున్నారు. ఆ బాధతోనే ఈ ఉత్తరం.

నేను మిన్నెసోటా రాష్ట్రం సెయింట్ పాల్‌లో పెద్దవాళ్లకు ఇంగ్లీషు చెబుతాను. సోమాలీలు, లావోస్ మూలాలున్న మోంగ్‌లు, బర్మా నుంచి వచ్చిన కరెన్‌లు నా దగ్గరికి వస్తారు. వాళ్లలో చాలామంది ఏ భాషలోనూ బడి ముఖం చూడలేదు. సోమాలీ భాషకు అధికారిక లిపి వచ్చిందే 1972లో. 1974-75ల్లో పల్లెపల్లెకూ అక్షరాలు నేర్పే ఉద్యమం నడిచింది. ఆ తర్వాత యుద్ధాలు, శరణార్థి శిబిరాలు. మూడు భాషలు మాట్లాడుతూ సంసారం ఈదుకొచ్చిన మనిషికి అరవై ఏళ్లకు పెన్సిల్ పట్టుకోవడం కొత్త.

అలాంటి ఆవిడ ముందు వాలంటీరు బొమ్మల వర్క్‌షీటు పెట్టి జత కలపమంటుంది. బాణం గుర్తు ఎటు చూడమంటోందో, గీత ఎక్కడి నుంచి ఎక్కడికి గీయాలో మనకు బడి నేర్పింది. ఆవిడకు ఎవరు నేర్పారు? ఆవిడ మాట్లాడకుండా కూర్చుంటే వాలంటీరు గొంతు పెంచుతుంది.

1979లో పరిశోధకుడు జోసె మొరాయిస్ బృందం పోర్చుగల్‌లో చదువురాని పెద్దవాళ్లను ఒక మాటలోని మొదటి ధ్వని తీసేసి మిగతాది పలకమంది. చాలామందికి సాధ్యం కాలేదు. పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్నవాళ్లు మాత్రం బాగానే పలికారు. అంటే మాటను ధ్వనులుగా విడదీయడం అక్షరాలతో పాటు వచ్చే నేర్పు. మా రాష్ట్రంలోనే పరిశోధకులు ఎలైన్ టరోన్, మార్తా బిగెలో సోమాలీ విద్యార్థులతో పనిచేసి ఇంకో సంగతి చూపించారు. విద్యార్థి తప్పుగా అడిగిన ప్రశ్నను టీచరు సరిదిద్ది పలికితే, చదవడం బాగా వచ్చినవాళ్లు దాన్ని మిగతావాళ్ల కంటే కచ్చితంగా తిరిగి చెప్పగలిగారు. మనమేమో అందరినీ నోటిమాటతోనే సరిదిద్ది, ఎన్నిసార్లు చెప్పినా ఎక్కడం లేదని వయసు మీదకు నెట్టేస్తాం.

మన అమ్మల దగ్గరికి వద్దాం. తెలుగు వారపత్రిక మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివే ఆవిడకు ఏబీసీడీలు త్వరగానే పట్టుబడతాయి, ఎందుకంటే చదవడం అనే పని ఆవిడకు తెలుసు. పక్క కుర్చీలో ఆవిడ వేలిముద్ర వేసే మనిషి కావచ్చు. ఇద్దరూ తెలుగే కదా అని ఇద్దరికీ ఒకే పుస్తకం, అదీ చిన్నపిల్లల పుస్తకం, చేతికిస్తున్నారు. ఎవరు ఏ భాషలో ఎంతవరకు చదవగలరో, నలుగురిలో చిన్నబుచ్చకుండా తెలుసుకోవడం ఎలాగో శిక్షణలో అన్నిటికన్నా ముందు నేర్పాలి.

పౌరసత్వం టెన్షన్ కూడా వీళ్లకే ఎక్కువ. ఇంటర్వ్యూలో ఇచ్చిన మూడు వాక్యాల్లో ఒకటి చదవాలి, మూడింటిలో ఒకటి రాయాలి. 50 దాటి గ్రీన్‌కార్డు మీద 20 ఏళ్లు ఉన్నవాళ్లకు, 55 దాటి 15 ఏళ్లు ఉన్నవాళ్లకు ఇంగ్లీషు పరీక్ష మినహాయింపు ఉంది. సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం) ప్రశ్నలకు వాళ్లు తెలుగులోనే జవాబు చెప్పొచ్చు. క్లాసు చెప్పేవాళ్లకు ఈ మాత్రం తెలియకపోతే అక్కర్లేని వాళ్లను కూడా భయపెడతారు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు నేను డిగ్రీ చదువుతూ సాయంత్రం కేంద్రంలో చెప్పాను. మమ్మల్ని కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చాకే ఊళ్లకు పంపారు. పాఠాలు ఆ ఆడవాళ్ల బతుకుల్లోంచి వచ్చినవే. సారా గురించి చదివారు, మాట్లాడుకున్నారు. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది ఆ రోజుల్లోనే.

ఇప్పుడు ఇక్కడ కూడా నా పద్ధతి అదే. హోటల్లో గదులు శుభ్రం చేసే విద్యార్థిని ‘ఐ క్లీన్ రూమ్స్. మై నీ హర్ట్స్’ (గదులు శుభ్రం చేస్తాను. మోకాలు నొప్పి) అంటుంది. అదే బోర్డు మీద రాస్తాను. అర్థం ఆవిడకు ముందే తెలుసు, తన మాటే కదా. అందులోంచి ఒక పదం తీసుకుంటాం, ఆ పదంలోంచి ఒక ధ్వని, ఆ ధ్వనికి అక్షరం. మళ్లీ వాక్యం మొత్తం చదువుతాం. దీనికి నెలలు పడుతుంది. ఆ సంగతి ముందే తెలిసిన టీచరు విసుక్కోదు.

మహాసభలకు అంత ఖర్చు పెట్టే మన సంఘాలు వాలంటీర్ల శిక్షణకు రెండు శనివారాలు కేటాయించలేవా? స్థానిక వయోజన విద్యా కేంద్రాల్లో ఈ పని ఏళ్లుగా చేస్తున్న టీచర్లు ఉంటారు. ఎక్కువమంది పార్ట్‌టైమ్ జీతం మీద బతికేవాళ్లు, కాబట్టి వాళ్ల సమయానికి డబ్బులివ్వండి. 2005లో నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్‌లో మొదలైన ‘లెస్లా’ అనే అంతర్జాతీయ బృందం అక్షరం రాని పెద్దలకు రెండో భాష నేర్పడం మీదే పనిచేస్తోంది. అక్కడా అడగొచ్చు. మన దేశంలో 2022 నుంచి నడుస్తున్న ఉల్లాస్ వయోజన అక్షరాస్యతా కార్యక్రమం కూడా వాలంటీర్ల మీదే ఆధారపడింది. అక్కడి నిర్వాహకులకూ నా విన్నపం ఇదే.

మీ ప్రవాస పేజీలో ఇలాంటి క్లాసు ప్రారంభమైన వార్త వేసేటప్పుడు, చెప్పేవాళ్లకు ఏ శిక్షణ ఇచ్చారో కూడా నిర్వాహకులను అడిగి రాయండి.

– ఒక ఉపాధ్యాయురాలు, సెయింట్ పాల్, మిన్నెసోటా