డయాలసిస్ యూనిట్‌లోని సిస్టర్ గారికి థాంక్స్

నాన్నకి కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైనప్పుడు ఇల్లంతా తలకిందులైపోయింది, వారానికి మూడుసార్లు, వెళ్తే నాలుగు గంటలు మెషిన్ మీదే, నాకేమో ఆఫీసు, బాబుకి స్కూలు, సరిగ్గా అప్పుడే మావారి ఉద్యోగం పోయింది. దేన్ని ముందు చూసుకోవాలో కూడా తెలిసేది కాదు.

గుంటూరులో మేం వెళ్లే చోట ఒక సిస్టర్ ఉన్నారు, పేరు రాస్తే ఆవిడకి నచ్చదు. ఒకరోజు కారిడార్‌లో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. ఏమీ అడగలేదు. టీ ఇప్పించి, నోట్‌బుక్‌లోంచి చింపిన కాగితం ఒకటి చేతిలో పెట్టారు. అంతా ఆవిడ స్వయంగా రాసిందే, కొబ్బరినీళ్లు, అరటిపండు వద్దు, పొటాషియం ఎక్కువ, కూరగాయలు కోసి బాగా నీళ్లు పోసి ఉడికించి ఆ నీళ్లు పారబోయండి, ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ చూడనివ్వద్దు, వేరే సూది గుచ్చనివ్వద్దు అని.

కాగితం వెనకవైపు మాత్రం నా కోసం! "పొద్దున ఆరింటి షిఫ్ట్‌కి మార్పించాను, మీరు ఆఫీసుకి వెళ్లొచ్చు. నాన్నగారి దగ్గర నేనుంటా, ముందు కిందకెళ్లి టిఫిన్ తినండి."

నేను తిన్నానో లేదో అప్పట్లో ఎవరూ అడగలేదండీ, నాకే గుర్తుండేది కాదు. ఆ షిఫ్ట్ మారడం వల్లే నా ఉద్యోగం నిలబడింది, ఇల్లు గడిచింది.

సిస్టర్ గారూ, మీ పాపకి నర్సింగ్ సీటు రావాలని నాన్న రోజూ దణ్ణం పెట్టుకుంటున్నారు. రాగానే మాకే ముందు చెప్పాలి మీరు.