ఆర్నికా గురించి ఒక్క ముక్క రాయండి

ఎడిటర్ గారూ,

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల హోమియో షాపుల్లో ఆర్నికా హెయిర్ ఆయిల్ బాగానే పోతోంది కానీ, ఆ మొక్క ఏంటో కొనేవాళ్లకి ఎవరూ చెప్పరు. పొద్దుతిరుగుడు కుటుంబమే, పసుపు పూలు. యూరప్ కొండల పచ్చికల్లో ఒక రకం, ఉత్తర అమెరికా రాకీ పర్వతాల్లో పైన్ చెట్ల నీడన గుండె ఆకారపు ఆకులతో ఇంకో రకం పెరుగుతాయి, చలికి పైనంతా ఎండిపోయినా నేలలోని కాండం నుంచి ఏటా మళ్లీ చిగురిస్తాయి. అందులో హెలెనాలిన్ అనే విషపదార్థం ఉంటుంది, కాబట్టి ఆ మొక్కతో కషాయం కాచుకుని తాగకూడదు, తెగిన గాయం మీద రాయకూడదు. మీ హెల్త్ పేజీలో ఇది వేయండి సార్, ప్రకటనలైతే రోజూ వేస్తున్నారు. నూనె కాచుకోవాలంటే అదే కుటుంబపు గుంటగలగర మన పొలం గట్ల మీద ఊరికే దొరుకుతుంది.

– ఓ పాఠకుడు, హనుమకొండ