ఎర్ర సిరా మా వీడియోలకూ తగలాలి

సంపాదకుల వారికి,

నేను తొమ్మిదో తరగతి విద్యార్థినిని. ఈ ఏడాది మా బృందం బడి ప్రాజెక్టుగా ఒక వీడియో, ఒక వెబ్‌సైట్ తయారుచేసింది. మూడు నిమిషాల వీడియోయే కదా అనుకున్నాం. సెకనుకు 25 ఫ్రేముల (విడి బొమ్మల) లెక్కన అది 4,500 ఫ్రేములు! ఎడిటింగ్‌కు కూర్చున్నాకే తెలిసింది, ఇంటర్వ్యూ మొత్తం ఫ్యాన్ హోరే వినిపిస్తోందని. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట వినబడకపోతే చూడరు. ఫ్యాన్ కట్టేసి, మైకును మాట్లాడేవారి దగ్గరగా పెట్టి మళ్లీ తీశాం.

వెబ్‌సైట్ ఇంకా ఎక్కువ నేర్పింది. పేజీ రంగులు, అమరిక ఎలా ఉండాలో చెప్పే సీఎస్ఎస్ కోడ్‌లో ఒక్క సెమికోలన్ (;) మరిచిపోయి, రంగు ఎందుకు మారడం లేదో తెలియక సాయంత్రమంతా వెతికాను. పసుపు మీద తెల్లటి అక్షరాలు నాకు ముచ్చటగానే ఉన్నాయి. చూపు మందగించిన మా తాతయ్య మాత్రం ఒక్క ముక్కా చదవలేకపోయారు. మామూలు అక్షరాలకూ వాటి వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయని అప్పుడే తెలుసుకున్నాను. బొమ్మలకు ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే చిన్న వివరణ) రాయకపోతే, తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వినేవారికి అక్కడ ఏముందో తెలియదు. అదీ రాశాను.

ఇంత చేస్తే, మార్కులు వేసినవారు వీడియో చివరిదాకా చూడలేదు. రంగులు బాగున్నాయన్నారు, అంతే. నాకు చాలా బాధేసింది. వ్యాసంలో ప్రతి తప్పు కిందా గీత గీసే ఉపాధ్యాయులు వీటినీ అలాగే దిద్దాలని నా విన్నపం. మొదటి ప్రతి చూసి తప్పులు చెప్పి, ఒక వారం గడువిస్తే మేమే సరిచేసుకుంటాం.

— ఒక విద్యార్థిని