‘అవసరమైతే’ అంటే ఎప్పుడు?

సంపాదకుల వారికి,

ప్రసూతి వార్డుల్లో ముప్పై ఏళ్లు సిస్టరుగా చేసి రిటైరయ్యాను. ఈమధ్య మా చెల్లెలి కూతురు కాన్పుకి ఒక ఆస్పత్రిలో తోడుగా పడుకున్నాను. కాన్పయిన మూడో రాత్రి ఆ పిల్ల లేచి కూర్చుంది. ‘‘పెద్దమ్మా, తల పగిలిపోతోంది, కళ్లముందు మిణుగురులు తిరుగుతున్నాయి’’ అంది. డ్యూటీ సిస్టరు కేస్ షీట్ చూసింది. ‘పారాసిటమాల్ 650, ఎస్ఓఎస్’ అని ఉంది. మాత్ర చేతిలో పెట్టి వెళ్లబోయింది. నేను బతిమాలి బీపీ చూపించాను. 160/110. అప్పుడు డాక్టర్ని లేపారు. పిల్ల దక్కింది.

ఆ సిస్టరు తప్పని నేననను. రాసిందే ఇచ్చింది. ఎస్ఓఎస్ అంటే లాటిన్‌లో ‘అవసరమైతే’ అని. దేనికి అవసరం? కుట్ల నొప్పికా, జ్వరానికా, తలనొప్పికా? బిడ్డకి పాలు పడుతుంటే గర్భసంచి ముడుచుకుని పొట్టలో మెలిపెడుతుంది, రెండో మూడో కాన్పు వాళ్లకి మరీను. దానికి మాత్ర చాలు. బాలింత తలనొప్పి అలాంటిది కాదు. కాన్పయ్యాక మూడు నుంచి ఆరు రోజుల మధ్య బీపీ బాగా పెరగొచ్చు, ఆ తలనొప్పి దానికి గుర్తు కావచ్చు. ముందు బీపీ చూడాలి, తర్వాతే మాత్ర.

అదే షీట్‌లో పైన డైక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర కూడా రాసి ఉంది. పారాసిటమాల్ 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. మూడు డ్యూటీల వాళ్లూ ఎవరి మాత్ర వాళ్లిస్తే మొత్తం లెక్క ఎవరు కడతారు? వివరంగా రాయమని డాక్టర్ని అడిగితే ‘‘ఆమాత్రం తెలీదా’’ అని కసురుకుంటారు. ఆ మాటలు నేనూ పడ్డాను.

మా పర్లాకిమిడి వైపు ఇంకో చిక్కుంది. వార్డులో ఒడియా, తెలుగు, సవర అన్నీ వినిపిస్తాయి. ఒడియాలో తలని ‘ముండొ’ అంటారు. ‘‘ముండొ బింధుచి కి?’’ (తల నొప్పిగా ఉందా?) అని సిస్టరు అడిగితే ఆంధ్రాలోని పాతపట్నం వైపు నుంచి కొత్తగా వచ్చిన తెలుగు కోడలు తిట్టిందనుకుని ముడుచుకుపోవడం నా కళ్లతో చూశాను. నొప్పి ఎక్కడో చెప్పలేదు. సిస్టరు కుట్ల నొప్పే అనుకుంది.

జిల్లా ఆరోగ్యశాఖ అధికారులకు నా విన్నపం ఒకటే. ఎస్ఓఎస్ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే చెల్లదని చెప్పండి. ఏ బాధకి, ఎంత మోతాదు, ఎన్ని గంటల ఎడంతో, రోజుకి ఎన్నిసార్లు, ఏం కనిపిస్తే మాత్ర ఆపి డాక్టర్ని పిలవాలి, ఇవన్నీ కేస్ షీట్‌లోనే గడులుగా అచ్చేయించండి. తలనొప్పి, చూపు మసక, రొమ్ము కింద పొట్ట పైభాగంలో నొప్పి గురించి అడిగే ప్రశ్నలు మూడు భాషల్లోనూ నర్సు టేబుల్ మీద అంటించండి.

— ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా