గడ్డ కరిగించే సూది దారిలోనే పడాలి, కానీ

సంపాదకుడికి,

గుండెపోటులో గుండె రక్తనాళాన్ని మూసేసిన నెత్తుటి గడ్డను కరిగించే మందు అంబులెన్సులో ఇవ్వాలా అంటే, "ఆస్పత్రికి చేరాక చూద్దాం" అనేవాళ్లే ఎక్కువ. గుండె కండరం అంతసేపు ఆగదు. గడ్డ పాతబడేకొద్దీ మొండికేస్తుంది. ఈ మందు బాగా పనిచేసేది మొదటి రెండు మూడు గంటల్లోనే. రోగులపై జరిగిన ఆరు ట్రయల్స్‌ను కలిపి 2000లో చేసిన విశ్లేషణలో, మందు దారిలోనే అందినవారిలో మరణాలు సుమారు 17 శాతం తగ్గాయి. రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీ (మూసుకున్న నాళాన్ని బెలూన్‌తో తెరవడం) అందేట్టుంటే అదే మేలు. లేదంటే ఈసీజీ గీతలో ఎస్‌టీ అనే భాగం పైకి లేచినట్టు తేలిన 10 నిమిషాల్లో సూది పడాలి.

అలాగని బండిలో సీసా పెట్టేస్తే సరిపోదు. 12 లీడ్ల (గుండెను 12 కోణాల్లో చూపే) ఈసీజీ డాక్టరుకు పంపి, ఆయన సరేనన్నాకే సీసా విప్పాలి. ఎస్‌టీ కిందికి దిగిన గుండెపోటుకు ఇది పనికిరాదు. నొప్పి వీపులోకి చీల్చుకుపోతూ, రెండు చేతుల బీపీకీ బాగా తేడా ఉంటే బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) చీలికేమోనని అనుమానించాలి. అప్పుడు ఈ సూదే ప్రాణం తీస్తుంది. ఎప్పుడైనా మెదడులో రక్తస్రావమైనవారికి అసలే వద్దు.

ఈ గడ్డ కరిగించే మందుల్లో టెనెక్టెప్లేస్ ఒకే విడతలో పడుతుంది కాబట్టి బండికి అనువైనది. 60 కిలోల లోపు 30 మి.గ్రా.; అక్కడి నుంచి ప్రతి 10 కిలోలకూ 5 పెంచుతూ, 90 కిలోలు, ఆపైన 50. 75 ఏళ్లు దాటినవారికి సగమే. ఈ మందును పరీక్షించిన స్ట్రీమ్ ట్రయల్ నడుస్తుండగా పెద్ద వయసువారిలో మెదడు రక్తస్రావాలు ఎక్కువగా కనబడి మోతాదు తగ్గించారు. సీసాను కుదిపితే నురగ కడుతుంది, మెల్లగా తిప్పాలి. డెక్స్‌ట్రోజ్ ఎక్కిన లైనులో వేస్తే మందు విరిగిపోతుంది. ముందూ వెనకా సెలైన్‌తో కడగాలి. నొప్పికని కండకు సూది వేశారో, అక్కడ నెత్తురు గూడుకడుతుంది. డీఫిబ్రిలేటర్ (గుండెకు షాకిచ్చే యంత్రం) ప్యాడ్లు ముందే అంటించి ఉంచాలి, గడ్డ కరిగే వేళ గుండె లయ తప్పవచ్చు.

పక్షవాతం సంగతి వేరు. సీటీ తీయకుండా గడ్డో రక్తస్రావమో చెప్పలేం. కనుక సీటీ లేని బండిలో ఈ మందు ఇవ్వకూడదు. అక్కడి మోతాదూ కిలోకు 0.25 మి.గ్రా., 25కి మించదు. గుండెపోటు మోతాదు పొరపాటున పడితే దాదాపు రెట్టింపే.

సూది పడ్డాక దగ్గరి చిన్న ఆస్పత్రిలో దించి వెళ్లిపోవడం సగం పనే. యాంజియోప్లాస్టీ చేసే క్యాథ్‌ల్యాబ్ ఉన్నచోటికే తీసుకెళ్లాలి. 60–90 నిమిషాలకు మళ్లీ ఈసీజీ తీసి, ఎస్‌టీ సగానికైనా దిగకపోతే వెంటనే యాంజియోప్లాస్టీ చేయాలి. ఆ లెక్క తప్పకుండా ఉండాలంటే సూది వేసిన సమయం, మోతాదు, మొదటి ఈసీజీ కాగితం రోగితోపాటే డ్యూటీ డాక్టరు చేతికి అందాలి.

— అత్యవసర వైద్యం తెలిసిన ఒక పాఠకుడు