అరిగిపోని అంకె కావాలి

సంపాదకుడు గారికి,

లిఫ్టులు బిగించడం నా పని. విమానం ఎక్కినా డ్రిల్లింగ్ మిషన్ వెంట ఉండాల్సిందే. మిషన్ పెద్ద సామానులో వెళుతుంది. విడి బ్యాటరీలు, కొసలకు టేపు చుట్టి, చేతిసంచిలో పెట్టుకుంటాను. లిథియం బ్యాటరీ కింది సామాను గదిలో అంటుకుంటే చూసేవారుండరు, పైన అయితే సిబ్బంది నీళ్లు పోసి చల్లార్చగలరు. ఆ నియమంతో నాకు పేచీ లేదు.

పేచీ అంతా లేబుల్‌తోనే. పోయిన నెల తనిఖీ దగ్గర ఒక అధికారి నా బ్యాటరీని అటూ ఇటూ తిప్పి, “వాట్ అవర్లు ఎక్కడ?” అన్నారు. సిమెంటు దుమ్ముకు అరిగి 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్లు అన్న అంకెలే మిగిలాయి. గుణిస్తే 90 వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో నిల్వ ఉండే శక్తి కొలత. అనుమతి అడగకుండా తీసుకెళ్లగలిగే హద్దు 100. బోర్డింగ్ పాసు వెనక లెక్క వేసి చూపించాను. ఆయన పై అధికారిని పిలిచారు, ఆ పై అధికారి ఇంకొకరిని. ముగ్గురూ గుణించారు, 90 మాత్రం మారలేదు. ఆఖరి పిలుపుకు పరుగెత్తి ఎక్కాను.

తయారీదారులు ఆ అంకెను స్టిక్కరు మీద కాక ప్లాస్టిక్ మీదే అచ్చొత్తితే ఏమి పోతుంది? విమాన సంస్థలు ఈ గుణకారాన్ని టికెట్ మీద ఒక్క వరుసలో ముద్రించాలని నా మనవి.

– ఒక లిఫ్టు మెకానిక్